ఎవరినడగాలి?

ఒక తల్లి, బేగంపేట: మా అబ్బాయికి 26 ఏళ్ళు. అమీర్‌పేటలో ఉద్యోగం. సంబంధాలు చూస్తున్నామంటే, "అమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. మగవాళ్ళంటేనే ఇష్టం" అన్నాడు. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని మా ఆడపడుచు, డాక్టరుకి చూపించమని మా మరిది అంటున్నారు. మావారికి ఇంకా తెలియదు. ఇది నేరమా? ఎవరినడగాలి?

జవాబు: నేరం కాదమ్మా. ఒకప్పుడు 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను నేరమనేది. ఇష్టపడిన పెద్దవాళ్ళ విషయంలో అది చెల్లదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జబ్బూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని రోగాల పట్టీలోంచి తీసేసింది. 'మార్చేస్తాం' అంటూ చికిత్స చెయ్యడం వైద్యుడికి తగని పని అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. అంచేత మందుల జోలికి పోకండి.

పెళ్ళి మాట అసలే వద్దు. మీవాడు పీటల మీద కూర్చోక ముందే నోరు విప్పాడు. ఒక ఆడపిల్ల బతుకు నిలబెట్టాడు. అందుకు సంతోషించండి.

ఈ తీర్పులు ఊరికే రాలేదు. 377 మీద ఢిల్లీలోని నాజ్ ఫౌండేషన్ 2001లోనే కోర్టుకెక్కింది. మన హైదరాబాదు సంగతే చూడండి. 1919లో, నిజాం కాలంలో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడవేషంతో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళదాకా జైలు. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు 2018లో హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో కోర్టు దాన్ని కొట్టేసింది. నూరేళ్ళు దాటిన చట్టం, నలుగురు కలిసి అడిగేసరికి అయిదేళ్ళలో పోయింది.

ఆ నలుగురూ ఉన్నారని తెలియకే చాలామంది ఒంటరిగా కుమిలిపోతారు. హైదరాబాదులో 'వజూద్', 'తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి' వంటి సంస్థలు పుట్టాయి. 2013లో ఇక్కడ మొదటి ప్రైడ్ యాత్ర జరిగింది. ఇవి మీ అబ్బాయికి తెలుసునేమో అడగండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వాకబు చెయ్యండి. చట్టం సంగతులకు న్యాయసేవా సంస్థ నంబరు 15100. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416.

ఇద్దరు మగవాళ్ళ పెళ్ళికి మాత్రం మన చట్టంలో గుర్తింపు లేదు. అది పార్లమెంటు చెయ్యవలసిన పని అని 2023లో సుప్రీంకోర్టు అంది.

ఇక మీవారి విషయం. తండ్రికి ఎప్పుడు, ఎలా చెప్పాలో అబ్బాయే నిర్ణయించుకోవాలి. చెప్పే రోజున మీరు పక్కనుంటే చాలు.