చిన్న సంస్థ కొనుగోలు - పెద్ద బేరం: ఇండియా వరల్డ్ ఒప్పందంపై ఒక పరిశీలన

హైదరాబాద్‌లో 2015లో టీ-హబ్ ప్రారంభమైన నాటి నుండి అంకుర సంస్థలను పెద్ద సంస్థలు కొనుగోలు చేయు వార్తలు పత్రికలకు కొత్త కాదు. వ్యాపార విస్తరణకై చిన్న సంస్థను కొనదలచినప్పుడు బేరం ఏ అంశంపై సాగవలెనో తెలుసుకొనుటకు 1999 నాటి ఒక ఒప్పందం నేటికీ పరిశీలింపదగినది.

హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే, చెన్నై కేంద్రంగా 1998లో ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. 1999 అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదై నిధులు సమకూర్చుకొంది. అయితే కనెక్షన్ల వ్యాపారంలో పోటీ పెరిగిన కొద్దీ ధరలు తగ్గక తప్పదు. అందువలన వార్తా, సమాచార రంగంలో ప్రవేశించుటకు, రాజేష్ జైన్ 1995లో స్థాపించిన ఇండియా వరల్డ్‌ను ఎంచుకొంది. సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చీ అను వెబ్‌సైట్లు దానివే. ప్రవాస భారతీయులలో వీటికి విశేష ఆదరణ ఉండేది. సిబ్బంది బహు స్వల్పం. 1999 నవంబరులో కుదిరిన ధర మాత్రం 499 కోట్ల రూపాయలు! సంస్థ ఆదాయం ఈ మొత్తంతో ఏ విధంగానూ పోల్చదగినది కాదు.

పత్రికలు నాడు ధరనే ప్రముఖంగా ప్రచురించాయి. నిజానికి గమనింపదగినది చెల్లింపు విధానం. తొలుత 24.5 శాతం వాటాకు సుమారు 122 కోట్లు చెల్లించి, మిగిలిన 75.5 శాతం వాటాను తరువాత కొనుగోలు చేయు హక్కును మాత్రమే పొందారు. అందుకై సుమారు 51 కోట్లు ధరావతుగా ఉంచారు. అనగా కొనుగోలుదారుకు ఆలోచించుకొనుటకు కొన్ని నెలల వ్యవధి లభించింది. బేరమాడినవారి నేర్పు ఇక్కడ కనిపించును. అమ్మకందారు కూడా తక్కువవాడు కాడు. ఆరంభంలోనే గణనీయమైన నగదు చేజిక్కించుకొన్నాడు.

ఆ వ్యవధిలోనే పరిస్థితి తారుమారైంది. 2000 మార్చి 10న గరిష్ఠ స్థాయికి చేరిన నాస్‌డాక్ సూచీ ఆ తరువాత పతనమైంది. అయినను సత్యం ఇన్ఫోవే 2000 సంవత్సరం మధ్యలో మిగిలిన వాటాను కొంత నగదుగా, కొంత వాటాలుగా చెల్లించి స్వాధీనం చేసుకొంది. హక్కు వదులుకొన్నచో ధరావతు నష్టము. వినియోగించుకొన్నచో వందల కోట్ల భారము. అప్పటికే చెల్లించిన సొమ్ము నిర్ణయాన్ని ఎంతగా ప్రభావితం చేసిందో చెప్పలేము గాని, మారిన మార్కెట్లో పాత ధర ప్రాతిపదికనే సాగుట సమర్థనీయమని ఈ వ్యాసకర్త భావించుట లేదు. ఆస్తుల విలువకు మించి చెల్లించిన మొత్తం గుడ్‌విల్‌గా లెక్కకెక్కి, తరువాతి సంవత్సరాల నష్టాలను పెంచింది.

ఇట్టి ఒప్పందాల ప్రకటనలు వెలువడినప్పుడు మొత్తం ధరతో పాటు తొలి విడత ఎంత, మిగిలిన వాటా కొనుగోలు తప్పనిసరియా లేక ఐచ్ఛికమా, ధరావతు తిరిగి వచ్చునా అను వివరాలను విలేకరులు, ప్రభుత్వ రంగ సంస్థల అధికారులు అడిగి తెలుసుకొనవలసి ఉన్నది. విదేశీ స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన సంస్థల విషయంలో ఈ వివరాలు చాలావరకు నియంత్రణ సంస్థలకు సమర్పించిన పత్రాలలోనే లభించును.