ఎడారిలో పాటకు మేడ కట్టారు.. మన చోటెక్కడ?

తబూక్: సౌదీలో టికెట్ కొని పాట కచేరీకి వెళ్లొచ్చంటే పదేళ్ల కిందట మనవాళ్లెవరూ నమ్మేవారు కాదు. ఇప్పుడు అది మామూలైపోయింది. తబూక్ తోటల్లో, సైట్లలో, బకాలాల్లో చెమటోడ్చే మనోళ్లు ఈ మార్పును కళ్లారా చూస్తున్నారు. అయితే గేటు బయట నుంచి చూడటం వేరు, లోపల కుర్చీలో కూర్చోవటం వేరు.

తలుపు ఎందుకు తెరుచుకుంది?

1979లో మక్కా పెద్ద మసీదు ముట్టడి తర్వాత ఇక్కడ వినోదం మీద ఆంక్షలు బిగిశాయి. సినిమా హాళ్లు మూతపడ్డాయి. కచేరీలు పూర్తిగా ఆగలేదు గానీ అరుదైపోయాయి. అలా మిగిలిన వేదికల్లో అభా పట్నంలోని అల్ ముఫ్తాహా థియేటర్ ఒకటి. సౌదీ జనం ఆరాధించే గాయకుడు తలాల్ మద్దాహ్ 2000 ఆగస్టులో ఆ స్టేజీ మీదే పాడుతూ కుప్పకూలి కన్నుమూశాడు. తర్వాత ఆ థియేటర్‌కు ఆయన పేరే పెట్టారు.

2014 తర్వాత చమురు ధర పడిపోయింది. సెలవులొస్తే సౌదీ కుటుంబాలు దుబాయ్‌లోనో, బహ్రెయిన్‌లోనో డబ్బు ఖర్చు పెట్టి వస్తున్నాయి. ఆ డబ్బు దేశంలోనే ఉండాలి, కుర్రాళ్లకు కొత్త కొలువులు దొరకాలి.. ఇదీ విజన్ 2030 వెనకున్న లెక్క. 2016లో వినోద వ్యవహారాల సంస్థ పుట్టింది. 2017 జనవరిలో జెడ్డాలో మహమ్మద్ అబ్దో పాడాడు. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో సినిమా హాలు తెరుచుకుంది.

అద్దాల మరాయా

తబూక్‌కు దక్షిణాన అల్ ఉలా ఉంది. డమాస్కస్ నుంచి తబూక్ మీదుగా వచ్చి 1908లో మదీనా చేరిన పాత హిజాజ్ రైలు దారి అటుగానే పోయేది. అక్కడి అషార్ లోయలో కొండల మధ్య కట్టిన కచేరీ మందిరమే మరాయా. అరబ్బీలో ఆ మాటకు అద్దాలని అర్థం. గోడల నిండా 9,740 చదరపు మీటర్ల అద్దం పరిచారు. అందుకే గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దూరం నుంచి చూస్తే భవనం కనపడదు, కొండలే కనిపిస్తాయి.

2018 డిసెంబర్‌లో మొదలైన తంతోరా శీతాకాల ఉత్సవంతో ఈ ఊరికి పాట వచ్చింది. ఇటలీ గాయకుడు బొచెల్లీ, గ్రీకు సంగీతకారుడు యానీ వచ్చారు. 1975లో చనిపోయిన ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్‌ను సైతం 2019 జనవరిలో కాంతి బొమ్మగా స్టేజీ మీదికి తెచ్చారు. మనకు ఘంటసాల ఎంతో అరబ్బులకు ఆమె అంత.

మన జేబు సంగతి

మరాయాలో సీట్లు సుమారు 500. టికెట్, రానుపోను కారు, రాత్రి బస.. అన్నీ కలిపి జీతంలో ఎంత పోతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తబూక్ తీరంలో నియోమ్ వాళ్ల సిందాలా ద్వీపం 2024 అక్టోబర్‌లో మొదలైనప్పుడు అమెరికా గాయని అలీషియా కీస్ పాడింది. అదీ పిలిచిన అతిథులకే. మనోళ్లు తాపీ పట్టిన చోట, వైరింగ్ లాగిన చోట, పాట మాత్రం వేరేవాళ్లది.

నిజానికి ఈ నేల పాట పెద్దోళ్ల సొత్తేమీ కాదు. తబూక్ ప్రాంతంలోని దుబా, అల్ వజ్ రేవుల్లో జాలర్లు, ఓడ పనివాళ్లు వాయించుకున్న తంత్రీ వాద్యం సిమ్సిమియా. ఈజిప్టు, సౌదీలు కలిసి అడిగితే 2024లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. నాట్లేస్తూ మన అమ్మలు పాడుకున్న పాటకు అది చుట్టమే!

ప్రవాసుల కోసం ఏమీ జరగలేదని అనలేం. 2024 అక్టోబర్‌లో రియాద్ సీజన్‌లో భాగంగా అల్ సువైదీ పార్కులో దేశానికి కొన్ని రోజులు చొప్పున కార్యక్రమాలు పెట్టారు. తొలి వంతు మన దేశానిదే. హిమేష్ రేషమ్మియా పాడాడు. ఇలాంటి పార్కు తబూక్‌కు ఎందుకు రాకూడదు? అందులో ఒక్క పూట తెలుగు పాటకు ఎందుకు ఇవ్వకూడదు?

అడిగితేనే వస్తుంది

తబూక్ మనవాళ్లు జెడ్డా కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. పాస్‌పోర్టు పనులకు అధికారులు ఇటు వచ్చినప్పుడు పదిమంది కలిసి ఈ మాట కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. ఈలోగా తొందరపడి చిక్కుల్లో పడొద్దు. బహిరంగ కచేరీకి లైసెన్సు ఉండాలి. అనుమతి లేకుండా చందాలు పోగుచేయటం ఇక్కడ నేరం. 2019లో తెచ్చిన మర్యాద నిబంధనల్లో ఇళ్ల మధ్య సౌండు పెంచితే 500 రియాళ్లు, నమాజు వేళ పాట పెడితే 1,000 రియాళ్లు జరిమానా రాశారు.

జుమ్మా రోజు రూములో ఫోన్ పెట్టుకుని ఒంటరిగా పాట వినటానికీ, నలుగురి మధ్య కూర్చుని చప్పట్లు కొట్టటానికీ చాలా తేడా ఉంది. ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉన్న మనిషికి ఆ చప్పట్లు మందులాంటివి. ఈ దేశం పాటకు తలుపు తీసింది. ఆ తలుపు క్యాంపుల దాకా తీయమని మర్యాదగా, చట్టం దాటకుండా అడుగుదాం.