‘పోయింది’ అంటే ఠాణాలో ఏమని రాస్తారు?

1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అప్పటినుంచీ మనకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. గాంధీనగర్‌లో కూరగాయల బండి దగ్గరా, బ్యాంకులోనూ మనకు భాష అడ్డు రాదు. పోలీసు ఠాణా మెట్లెక్కినప్పుడే చిక్కంతా.

మనం ‘గొలుసు పోయింది’ అంటాం. జారిపడినా పోయిందే, దొంగ లాక్కెళ్ళినా పోయిందే. దాన్నే కన్నడంలో ‘కళెదుహోగిదె’ అని రాస్తే మనం పోగొట్టుకున్నామని అర్థం. ‘కళవాగిదె’ అంటే దొంగతనం జరిగిందని. మొదటిది వస్తువు కనబడలేదన్న సమాచారం మాత్రమే. రెండోది ఎఫ్ఐఆర్ కట్టవలసిన నేరం. మెడలోంచి లాక్కుపోతే ‘సరగళ్ళతన’ అని చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ దీన్ని ప్రత్యేక నేరంగా చూపి, మూడేళ్ళ వరకు జైలుశిక్ష పెట్టింది. రాసేవారి తప్పు లేకుండానే మన ఒక్క మాటతో కేసు దారి మారిపోగలదు.

మరికొన్ని మాటలూ తెలిసి ఉండాలి. ‘దూరు’ అంటే ఫిర్యాదు. ‘హేళికె’ వాంగ్మూలం, ‘మహజరు’ పంచనామా. ‘హల్లె’ కొట్టడం, ‘సులిగె’ దోపిడీ, ‘వంచనె’ మోసం. ‘ఆరోపి’ అంటే నిందితుడు, నేరం రుజువైతేనే ‘అపరాధి’. మనం పన్ను ఆలస్యమైతే కట్టే అపరాధ రుసుమును తలచుకుని ‘అపరాధ’ను చిన్న మాట అనుకోకూడదు. కన్నడంలో నేరానికి అదే మాట.

చట్టం మనకు అండగానే ఉంది. ఏ అధికారికైనా దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. నిర్బంధంలోకి తీసుకున్న మనిషికి కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో తెలపాలని 1962లోనే హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుని, నకలు ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ అంటోంది.

అయితే ఆ చదివి వినిపించేది కన్నడంలో. విన్నది అర్థమైతేనే హక్కు అక్కరకొస్తుంది. ఎక్కువ ఇబ్బంది పడేది అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన కోడళ్ళు, ఇంటిపట్టున ఉండే పెద్దావిడలు. ఇక్కడి బడుల్లో కన్నడం చదివిన పిల్లలు ప్రతి ఇంటా ఉన్నారు. ఈ మాటలన్నీ ఇంట్లోవాళ్ళకు నేర్పడానికి వాళ్ళకు ఒక్క సాయంత్రం చాలు.

వాటితోపాటు ఇంకొక్కటి కూడా నేర్పాలని మా సంఘం మనవి. సంతకం పెట్టేముందు ‘ఓది హేళి’, అంటే ‘చదివి చెప్పండి’ అని అడగాలి. ‘కళెదు’ అని వినబడితే అక్కడే ఆపి, ‘కళవు’ అని రాయించుకోవాలి.