లోపం వెతికినందుకూ కూలి ఇవ్వాలి

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఏప్రిల్ ఎండలో పాత మారుతి 800 ఆ దారి మధ్యలో టక్కున ఆగిపోతుంది. అరగంట నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. సాయంత్రం షెడ్డుకు తీసుకెళితే మెకానిక్ ముందు బుద్ధిగా నడుస్తుంది. ‘ఏం లేదన్నా, బాగానే ఉందే’ అంటాడతను. అయినా ప్లగ్గులు మారతాయి, కార్బురేటర్ విప్పి కడుగుతారు, బిల్లు చేతికొస్తుంది. మళ్లీ ఎండెక్కిన రోజున బండి మళ్లీ ఆగుతుంది.

ఈ తంతుకు మెకానిక్‌ను ఒక్కడినే తప్పుపట్టలేం. బిగించిన పార్టుకు డబ్బులిచ్చే యజమాని, వెతకడానికి పట్టిన రెండు గంటలకు ఇవ్వడు. పైగా ‘ఏదో ఒకటి మార్చేయ్, కర్నూలు పోవాల’ అని తొందర పెడతాడు. పూర్తిగా చెడిపోయిన బండికి ఈ పద్ధతి ఎలాగో సరిపోతుంది కానీ, వచ్చి పోయే లోపానికి చాలదు.

ఎందుకంటే వేడికి ఆగిపోవడమనే ఒక్క లక్షణం వెనక కారణాలు చాలా ఉంటాయి. ఇగ్నిషన్ కాయిల్ లోపల సన్నటి తీగ తెగి ఉంటే, వేడికి ఆ చీలిక విడిపోయి స్పార్క్ పోతుంది, చల్లారగానే మళ్లీ అతుక్కుంటుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరవడం మొదలవుతాయి. ఇంజిన్ వేడికి పంపులోనో పైపులోనో ఆవిరి నిండితే కార్బురేటర్‌కు పెట్రోల్ అందదు. అంబాసిడర్ డ్రైవర్లు పెట్రోల్ లాగే ‘ఏసీ పంపు’ మీద తడిగుడ్డ వేసేది అందుకే. ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుపోయినా ఇదే గతి. డీజిల్ జీపుల్లో అయితే పైపు జాయింటు దగ్గర గాలి పీల్చుకోవడం మరో కారణం.

వీటిని విడదీయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బండి ఆగిన ఆ పది నిమిషాల్లోనే చూడాలి. స్పార్క్ లేకపోతే కరెంటు వైపు వెతకాలి. స్పార్క్ ఉంటే పెట్రోల్ వైపు. మూత తీయగానే ట్యాంకు ‘స్‌స్’ మని గాలి పీల్చుకుని, వెంటనే బండి స్టార్టయితే అనుమానం మూత మీదికే పోవాలి. తడిగుడ్డ వేయగానే కదిలితే పంపు దగ్గరి ఆవిరి మీదికి. చల్లారిన ఇంజిన్‌లో ఈ ఆధారాలేవీ మిగలవు. కాబట్టి డ్రైవరే సాక్షి. ఎంత దూరం నడిచాక ఆగింది, ట్యాంకులో ఎంత ఉంది, ఏసీ వేసి ఉందా, డాష్‌బోర్డు మీద ఏ దీపం వెలిగింది, ఎంతసేపటికి స్టార్టయింది అన్న ఐదు ముక్కలు రాసుకొస్తే సగం పని అయినట్టే.

ఈ ఇబ్బంది చిన్న షెడ్లకే పరిమితం కాదు. అమెరికాలోని జార్జియాలో ఒక యువతి తన షెవ్రొలే కోబాల్ట్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని డీలర్ దగ్గరకు వెళితే ఇంధన వ్యవస్థ శుభ్రం చేసి పంపారు. కొద్ది రోజులకే, 2010 మార్చిలో, ఆమె ప్రమాదంలో చనిపోయింది. అసలు లోపం తాళంచెవి స్విచ్‌లో ఉంది. కుదుపుకో, తాళాల గుత్తి బరువుకో అది జారి ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగ్ పనిచేసేది కాదు. మార్క్ హుడ్ అనే ఇంజినీర్ పాత స్విచ్ పక్కన కొత్తది పెట్టి విప్పి చూశాకే గుట్టు బయటపడింది. ఆ కారు తయారుచేసిన జనరల్ మోటార్స్, పార్టు నంబరు మార్చకుండానే స్విచ్ లోపలి భాగం మార్చేసింది. 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పరిహార నిధి 124 మరణాలను గుర్తించింది.

లోపాన్ని కోడ్‌గా చూపించే స్కానర్ ఉందిగా అంటారు. కార్బురేటర్ బండికి అది తగిలించే చోటే ఉండదు. ఉన్న బండిలోనూ కోడ్ తీర్పు కాదు. ఎర్త్ వైరు వదులైనా సెన్సర్ చెడిందని చూపించవచ్చు. వైరును చేత్తో కదిపి, మీటర్ పెట్టి చూడకుండా సెన్సర్ మారిస్తే నష్టం యజమానిదే.

మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగింది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000, ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి రూ.10,000 కట్టాలి. అంత కట్టి బండిని నిలుపుకునేవారు ఊహల మీద మార్చే పార్టులకూ డబ్బు పోయాలా?

మంచి కాయిల్ ఒకటి తాత్కాలికంగా బిగించి నడిపి చూడటం తప్పు కాదు. అది పరీక్షే. తేడా రాకపోతే పాతదాన్నే తిరిగి బిగించాలి, కొత్తదాని ధర బిల్లులో వేయకూడదు. ఐటీఐల్లో రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు విప్పి బిగించడంతో పాటు, కావాలని లోపం పెట్టిన బండిలో దాన్ని కనిపెట్టే పరీక్షా ఉండాలి. ఆదోని, ఎమ్మిగనూరు షెడ్లు తమ రేట్లలో ‘లోపం వెతకడానికి గంటకు ఇంత’ అనే వరుస ఒకటి చేర్చాలి. పార్టు ఏదీ మార్చకుండా, వదులైన వైరు బిగించి బండి బాగుచేసినా ఆ కూలి బేరమాడకుండా ఇవ్వడం యజమానుల వంతు.