మందు లేని సూది

మెడ తిరక్కపోతే 'నరం పట్టేసింది' అంటాం. నడుం వంగకపోయినా నరమే, కాలు లాగినా నరమే. పాపం, చాలాసార్లు ఆ నేరంతో నరానికి సంబంధమే ఉండదు. పట్టేసేది కండరం. గంటలతరబడి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకీ, కుట్టుమిషన్ మీద వంగి పనిచేసేవాళ్లకీ భుజం కండరంలో ఒకచోట బిగుసుకుపోయి, బఠాణీ గింజంత ముడిలా చేతికి తగులుతుంది. వేలితో నొక్కితే ప్రాణం లేచొస్తుంది. దీన్నే ట్రిగ్గర్ పాయింట్ అంటారు.

ఈ ముడి మహా గడుసుది. తానుండేది ఒకచోట, నొప్పి చూపించేది మరోచోట. మెడా భుజమూ కలిసేచోట ఉంటే కణతలు పోటెడతాయి. పిరుదు లోపలి చిన్న కండరంలో ఉంటే కాలి పక్కగా చీలమండ దాకా లాగేస్తుంది... అచ్చం సయాటికాలాగే! స్కానింగ్‌లో ఏమీ ఉండదు. దాంతో ఇంట్లోవాళ్లు 'అంతా నీ అనుమానం' అనేస్తారు. నొప్పికన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

అలాంటివాళ్లకు ఫిజియోథెరపిస్టులు ఈమధ్య ఎక్కువగా చెబుతున్న చికిత్స డ్రై నీడ్లింగ్. మనకు సూది అంటే సూదిమందే. ఇందులో మందు ఉండదు. ఆక్యుపంక్చర్‌లో వాడేలాంటి సన్నని సూదిని నేరుగా ఆ ముడిలోకి దించుతారు. సరైన చోట తగిలితే కండరం ఒక్కసారి చేపపిల్లలా ఎగిరిపడుతుంది. ఆ క్షణం జివ్వుమంటుంది. తర్వాత ఒకట్రెండు రోజులు సలుపు ఉండొచ్చు.

దీని వెనక చిత్రమైన కథ ఉంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి తీవ్రమైన నడుంనొప్పి. ఆయనకు వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్ కండరాల్లోకి మత్తుమందు ఎక్కించేవారు. 1961లో ఆమే వైట్‌హౌస్ వైద్యురాలయ్యారు. మరి ఉపశమనం ఇస్తున్నది మందా, సూదా? 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 241 మంది రోగుల వివరాలు ప్రచురించారు. మందు లేకుండా వట్టి సూది గుచ్చితేనే నూటికి దాదాపు 87 సందర్భాల్లో నొప్పి అప్పటికప్పుడు తగ్గిందట!

అయితే ఆ లెక్క చూసి మురిసిపోనక్కర్లేదు. పోల్చి చూడటానికి అందులో మరో బృందం లేదు. ఉత్తుత్తి సూదితో పోల్చిన తర్వాతి పరిశోధనల్లో ఫలితం అంత గొప్పగా లేదు. కొన్ని వారాల ఉపశమనం వరకు ఫర్వాలేదు, దీర్ఘకాలానికి ఆధారాలు తక్కువ. అసలు ఈ ముడుల సిద్ధాంతాన్నే ఒప్పుకోని వైద్యులూ ఉన్నారు. కాబట్టి 'నాలుగు సిట్టింగుల్లో శాశ్వత పరిష్కారం' అని ప్యాకేజీ అమ్మేవాళ్లను నమ్మకండి. సూది చేసేదల్లా కొన్నాళ్లు నొప్పిని వెనక్కి నెట్టడమే. ఆ వ్యవధిలో వ్యాయామం మొదలుపెట్టి, కూర్చునే తీరు మార్చుకున్నవాళ్లే గట్టున పడతారు. మిగతావాళ్లు మళ్లీ అదే బల్లమీదికి వస్తారు.

నిజంగానే డిస్కు నరాన్ని నొక్కుతుంటే? సూది డిస్కును కదపలేదు. మహా అయితే చుట్టూ బిగిసిన కండరాలు కాస్త సడలొచ్చు. పాదం ఈడ్చుకుపోతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా సూది జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

గుచ్చేవాళ్లు ఈ పద్ధతిలో ప్రత్యేకంగా శిక్షణ పొందారో లేదో మొహమాటపడకుండా అడగండి. మీ కళ్లముందే కొత్త సూది ప్యాకెట్ విప్పమనండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా, గర్భిణి అయినా ముందే చెప్పాలి. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు భుజాలూ, వీపు పైభాగమూ. వాటి కిందే ఊపిరితిత్తులుంటాయి. సూది లోతు ఎక్కువై వాటికి తగలడం చాలా అరుదే గానీ, జరిగిన సందర్భాలున్నాయి. అక్కడ సూది వేయించుకున్న రోజునో మర్నాడో ఊపిరి పీలిస్తే గుండెల్లో పొడిచినట్టున్నా, ఆయాసం వచ్చినా 'సూది సలుపులే' అని పడుకోవద్దు. ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. సూది వేయించుకున్న సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి.