నెర్రెలు లేని నేలకు నెర్రెల బొమ్మ: నీటి పరిశోధనలు, కృత్రిమ మేధ చిత్రాలు

కోనసీమ నీటి సమస్యను చిత్రించమని కృత్రిమ మేధ ఉపకరణాన్ని కోరితే, అది తరచుగా నెర్రెలు విచ్చిన బీడు నేలను, ఆకాశం వైపు చూస్తున్న ఒక ముసలి రైతును గీసి ఇస్తుంది. చిత్రం చూడడానికి బాగానే ఉంటుంది. కాని ఐనవిల్లి మండలంలో సార్వా వరి సాగు చేసే రైతుకు ఆ చిత్రంతో పని లేదు. ఆయన కష్టమల్లా వచ్చిన నీరు పోకపోవడం. నాట్లు పడిన కొద్ది రోజులకే భారీ వర్షం కురిస్తే చేను మునుగుతుంది. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకొని ఉంటుంది. ఆ కాలువ సముద్రంలో కలిసే చోట పోటు సమయంలో నీరు వెనక్కి తంతుంది. రోజుల తరబడి నీట నానిన మొక్క కుళ్లిపోతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు కాని ధరలతో పాటు మురుగు నీటి పారుదల దుస్థితిని కూడా కారణంగా చూపారు. ఆ కథ నెర్రెల బొమ్మలో ఎక్కడా కనిపించదు.

యంత్రం ఇలా గీయడంలో వింత లేదు. అది లోకంలోని కోట్లాది చిత్రాలను చూసి నేర్చుకొన్నది. ఆ చిత్రాలలో నీటి సమస్య అంటే ఎక్కువగా కరవు, వరి చేను అంటే కొండవాలు మీది మెట్ల పొలం. గోదావరి డెల్టా వంటి సమతల భూములు, అందునా మన మధ్య డెల్టా, ఆ రాశిలో ఎంత ఉంటాయో ఊహించవచ్చు. అందువల్ల మన ప్రాంతపు పరిశోధనను ఆ యంత్రం చేత బొమ్మ కట్టించినప్పుడు, మన ఫలితం స్థానంలో లోకపు సగటు వచ్చి కూర్చుంటుంది. నీటి, పర్యావరణ శాస్త్రాలలో ఫలితమంతా స్థలం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇక్కడ ఈ సగటు మరింత ప్రమాదకరం.

ఈ ఉపకరణాలను వద్దనడం నా ఉద్దేశం కాదు. మన పరిశోధనలలో అధిక భాగం ఆంగ్ల పట్టికలలోనే ఉండిపోతున్నది. తెలుగులో రాసిన వ్యాసం కూడా చదవగలిగిన భూయజమాని వరకే చేరుతుంది. నిజంగా నీట దిగి పనిచేసే కౌలు రైతుకు, నాట్లు వేసే స్త్రీలకు చేరదు. చిన్న పరిశోధనా స్థానాలలో చిత్రకారుని ఉద్యోగం లేదు. ఒకప్పుడు కరపత్రంలో రెండు బొమ్మలకు నెలరోజులు ఎదురు చూడవలసి వచ్చేది. నేడు ఒక పూటలో పది బొమ్మలు సిద్ధమవుతున్నాయి. ఈ సౌలభ్యాన్ని కాలదన్నుకోవడం తెలివితక్కువ. అయితే ఏ బొమ్మను యంత్రానికి అప్పగించవచ్చు, దేనిని అప్పగించరాదు అన్న విచక్షణ మన పత్రికలలో ఇంకా ఏర్పడలేదు.

2024 ఫిబ్రవరిలో ఒక అంతర్జాతీయ జీవశాస్త్ర పత్రికలో అచ్చయిన ఎలుక బొమ్మ సంగతి చాలామంది ఎరుగుదురు. కృత్రిమ మేధ గీసిన ఆ ఎలుక అవయవాలు అసంభవమైన పరిమాణంలో ఉన్నాయి, పక్కన రాసిన పేర్లకు అర్థమే లేదు. ప్రపంచమంతా నవ్వింది, పత్రిక కొద్ది రోజులలోనే ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొంది. అంతకు ముందే, 2023లో, నేచర్ పత్రిక ఇటువంటి చిత్రాలను ప్రచురించబోమని ప్రకటించి ఉంది. ఆ ఎలుక వల్ల నష్టపోయినవారు తక్కువే, ఎందుకంటే అది చూడగానే తప్పని తెలిసిపోయింది. నన్ను కలవరపెట్టేవి నవ్వు పుట్టించని తప్పులు. రైతు చేతికి వెళ్లే బొమ్మకు సమీక్షకులు ఉండరు. ఆయన దానిని చూసి పని మొదలుపెడతాడు.

భూగర్భ జలం విషయమే తీసుకొందాం. యంత్రం గీసే భూగర్భ జలం దాదాపు ఎప్పుడూ నేల అడుగున ఒక నీలి చెరువులా ఉంటుంది. బోరు గొట్టం ఎంత లోతుకు దిగితే అంత నిండుగా నీరు. గట్టి నేలల ప్రాంతపు రైతుకు అది అసంపూర్ణ చిత్రం. సముద్ర తీరపు డెల్టా రైతుకు మాత్రం అది తప్పుదారి. ఇక్కడ మంచినీరు ఇసుక రేణువుల సందులలో, తనకంటె బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పంతొమ్మిదవ శతాబ్ది చివర బాడన్ గైబెన్, 1901లో హెర్జ్‌బర్గ్ విడివిడిగా చూపిన లెక్క ప్రకారం, సముద్ర మట్టానికి పైన మంచినీటి మట్టం ఒక మీటరు ఉంటే, సముద్ర మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు నిలుస్తుంది. సముద్రపు నీరు మంచినీటి కంటె నూటికి రెండున్నర వంతు మాత్రమే బరువు కావడం దీనికి కారణం. ఈ నిష్పత్తి రెండువైపులా పనిచేస్తుంది. తోడకం వల్ల పైమట్టం అర మీటరు దిగిపోయి అలాగే నిలిచిపోతే, కాలక్రమంలో అడుగున ఉప్పునీరు 20 మీటర్లు పైకి రాగలదు. మన డెల్టాలో బంకమట్టి పొరలు అడ్డు ఉండడం వల్ల, లోతున ఉన్న ఉప్పులో కొంత ప్రాచీన సముద్రం వదిలి వెళ్లినది కావడం వల్ల లెక్క ఇంత సరళంగా నడవదు; అయినా దిశ అదే. లోతుకు పోయేకొద్దీ మంచినీరు దొరుకుతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. నీలి చెరువు బొమ్మ ఆ నమ్మకాన్నే బలపరుస్తుంది. దానిని చూసి బోరును మరో పది మీటర్లు దింపిన రైతు, ఉప్పునీరు పెట్టిన కొబ్బరి తోటకు, చౌడుబారిన వరి మడికి తానే బాధ్యుడవుతాడు. బొమ్మ వేసినవారి పేరు ఎక్కడా ఉండదు.

మునకను తట్టుకొనే వరి విషయంలోనూ ఇదే చిక్కు. మార్టేరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన స్వర్ణ రకానికి మునకను తట్టుకొనే జన్యువును జోడించి స్వర్ణ సబ్-1ను రూపొందించారు. ఈ రకం గొప్పతనం ఎదగకపోవడంలో ఉంది. నీట మునిగినప్పుడు ఇది సాగడం ఆపి, శక్తిని దాచుకొని, సుమారు రెండు వారాల వరకు బతికి ఉండి, నీరు తీసిన తరువాత చిగురిస్తుంది. యంత్రాన్ని గీయమంటే నీటిని చీల్చుకొని పైకి లేచిన పచ్చని మొక్కను గీస్తుంది. అది లోతునీటి వరి లక్షణం, దీనికి పూర్తిగా విరుద్ధం. ఆ బొమ్మను మనసులో పెట్టుకొన్న రైతు, నీరు తీసిన చేలో పొట్టిగా, పసుపుబారి వాలిపోయి ఉన్న మొక్కను చూసి పైరు చచ్చిందనుకొంటాడు. కొద్ది రోజులు ఆగి, చిగుళ్లు చూసి ఎరువు వేయవలసిన చోట దున్నేసి మళ్లీ నారు కొంటాడు. ఆ ఖర్చును ఎకరాలతో గుణించి చూడండి.

కొబ్బరికి తల్లివేరు తగిలించిన బొమ్మలు కూడా నేను చూశాను. కొబ్బరికి తల్లివేరు ఉండదు; మొదలు నుంచి వేలాది పీచువేళ్లు నలువైపులా పరచుకొంటాయి, అందుకే చెట్టు చుట్టూ 1.8 మీటర్ల వ్యాసార్ధంతో పళ్లెం తీసి ఎరువు వేయమంటాము. ఇక మీథేన్ గురించి. వరి చేల నుంచి మీథేన్ అనగానే చేను మీద కర్మాగారపు పొగ కమ్ముకొన్నట్లు బొమ్మలు వస్తున్నాయి. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. అది అధిక భాగం వరి మొక్కలోని గాలి గదుల గుండానే బయటికి పోతుంది. ఆ పొగ బొమ్మను చూసి రైతు తనను నేరస్థునిగా నిలబెట్టారనుకొని ముఖం తిప్పుకొంటే తప్పెవరిది? పైగా తడి, ఆరుదల పద్ధతి వల్ల మీథేన్ తగ్గుతుందని, ఒకటికి మించి ఆరుదలలు ఇచ్చిన చేనుకు 2019 ఐపీసీసీ మార్గదర్శకాలు నిరంతరం నిలవ నీరున్న చేను విడుదలలో 0.55 వంతు మాత్రమే లెక్కిస్తాయని మనం చెబుతాము. బాగుంది. కాని సార్వాలో ఐనవిల్లి చేనును ఆరబెట్టడం ఎట్లా? మురుగు కాలువ లాగని చోట ఈ పద్ధతి దాళ్వాకే పరిమితం. ఆ ఒక్క మాట బొమ్మలో ఉండదు.

చేతితో గీసిన పాత బొమ్మలలో మాత్రం తప్పులు లేవా అని కొందరు సహచరులు అడుగుతారు. ఉండేవి. కాని గీసేవాడు అడిగేవాడు: గట్టు ఎటువైపు, కాలువ ఎత్తా చేను ఎత్తా, తూము ఎక్కడ? జవాబు తెలియకపోతే శాస్త్రవేత్త వెళ్లి చూసి రావలసి వచ్చేది. యంత్రం అడగదు. తెలియని చోటును కూడా అంతే నిండుగా రంగులతో పూరిస్తుంది. మరొక తేడా ఉంది. గీతల బొమ్మ తాను బొమ్మనని చెప్పుకొంటుంది. ఛాయాచిత్రాన్ని పోలిన బొమ్మ జరిగిన సంగతిలా నమ్మిస్తుంది. వరదల కాలంలో ఇది మరీ చెడ్డది.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. మూడవ హెచ్చరిక నాటికి ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు సుమారు 4.8 కోట్ల లీటర్లు. 1986 ఆగస్టులో అది 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ అంకెలు రేడియోలో, ఫోనులో అందరికీ అందుతాయి. ముక్తేశ్వరం ఎగువ దిగువ లంకలలో ఉండే మనిషికి తెలియవలసింది ఒకటే: ఏ హెచ్చరికకు తన ఊరి దారి మునుగుతుంది, పశువులను ఎప్పుడు తోలాలి, దొడ్డిలోకి నీరు ఎంతసేపటికి వస్తుంది. ఆ ఊరి గట్టు, ఆ ఊరి బడి మెట్లు, ఆ కాజ్‌వే కొలతలతో మూడు మట్టాలను గీసి చూపిన బొమ్మ ఒక్కటి, ఇళ్ల కప్పులు మునిగిన వంద నాటకీయ చిత్రాలకంటె మేలు. అటువంటి బొమ్మకు రంగులు వేయడానికి, మూడు దశలను వరుసగా చూపడానికి కృత్రిమ మేధ చక్కగా ఉపకరిస్తుంది. మట్టాలను మాత్రం అది ఊహించకూడదు.

డిజిటల్ గ్రీన్ సంస్థ 2000 దశకం రెండవ భాగంలో మొదలుపెట్టిన పల్లె వీడియోలలో ఊరి రైతులే కనిపించేవారు. చూసేవారికి పద్ధతి ఎంత ముఖ్యమో, అది ఏ ఊరి చేను, ఆ మనిషి ఎవరు అన్నదీ అంతే ముఖ్యమని ఆ అనుభవం తెలిపింది. యంత్రం గీసే భారతీయ రైతు పేరు అడిగితే ఏమి చెబుతాం? ఆయన ఎప్పుడూ తెల్లని గడ్డంతో, పెద్ద తలపాగాతో, జోడెడ్ల పక్కనే నిలబడి ఉంటాడు. మా ప్రాంతంలో కోత యంత్రం వచ్చి చాలా ఏళ్లయిందని ఆయనకు ఎవరూ చెప్పినట్లు లేదు. నాట్ల స్త్రీలు బురద అంటని చీరలతో నవ్వుతూ ఉంటారు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని తన చేను కాదని ఒకసారి అనిపించిన తరువాత రైతు ఆ కాగితంలోని శాస్త్రాన్ని కూడా పరాయిదిగానే చూస్తాడు.

మన విశ్వవిద్యాలయ పత్రికలకు నా సూచన ఇది. కొలిచిన దానిని చూపే పటాలు, రేఖాచిత్రాలు, క్షేత్ర ఛాయాచిత్రాలు కృత్రిమ మేధతో తయారు చేయరాదు. ఇందులో మినహాయింపు అక్కరలేదు. భావనను వివరించే బొమ్మకు అనుమతించవచ్చు, కాని ముందుగా శాస్త్రవేత్త తన చేత్తో పెన్సిల్ కోతచిత్రం గీయాలి: నేల పొరలు, నీటి మట్టం, గట్టు ఎత్తు, కాలువ అడుగు, అన్నీ కొలతలతో. యంత్రం ఆ గీతల మీదనే పనిచేయాలి. సంపాదకులకు రెండూ పంపాలి. బొమ్మ కింద ‘కృత్రిమ మేధతో గీసిన ఊహాచిత్రం’ అని, దానికి ఆధారమైన క్షేత్రం పేరు, మట్టాలు కొలిచిన నెల అచ్చువేయాలి. తెలుగు అక్షరాలను యంత్రానికి వదలకుండా విడిగా కూర్చాలి. ఒత్తులు, గుణింతాలు చెదిరిన ‘చౌడు’ను రైతు ఏమని చదువుతాడు?

అచ్చుకు ముందు ఆ బొమ్మను వ్యాసానికి సంబంధించిన ఊరిలో కనీసం ఇద్దరికి చూపాలి. వారిలో ఒకరు ఆ కాలువ మీద నీరు పంచే లస్కరు అయితే మంచిది, ఎందుకంటే ఏ తూము దగ్గర నీరు ఎటు నడుస్తుందో మనకంటె ఆయనకే బాగా తెలుసు. వారు ఏమీ చెప్పకుండా, ఈ చిత్రంలో ఏమి జరుగుతున్నదో మీరే చెప్పండని అడగాలి. వారి జవాబు మన ఫలితంతో కలవకపోతే బొమ్మను మార్చాలి. ఇందుకు ఒక ప్రయాణం, ఒక పూట పడుతుంది. మురుగు కాలువల మట్టాలు జలవనరుల శాఖ సెక్షన్ కార్యాలయాలలో దొరుకుతాయి. అడిగి తీసుకొంటే లెవెలింగ్ పనిలో సగం తప్పుతుంది.