ఎనిమిది రూపాయలతో మెదడు ఎదుగుతుందా?

మూడేళ్లు నిండీ నిండకముందే పిల్లాడి చేతికి పలక ఇచ్చేస్తున్నాం. ఏబీసీడీలు అప్పజెప్పలేదని దిగులుపడుతున్నాం. పొద్దున వాడేం తిని వెళ్లాడన్నది మాత్రం ఇంట్లోనూ, ప్రభుత్వంలోనూ ఎవరికీ పట్టడం లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. రక్తం తక్కువైతే ముఖం పాలిపోవడంతో ఆగదు. నరాలకు పైపొర ఏర్పడాలన్నా, మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనాలు తయారవాలన్నా ఇనుము కావాలి. అది చాలని పిల్లాడికి పాఠం మీద ధ్యాస నిలవదు. బడి వాడికి ‘మొద్దు’ అని పేరు పెడుతుంది.

గ్వాటెమాలాలోని నాలుగు పల్లెల్లో 1969 నుంచి 1977 దాకా పిల్లలకు రెండు చోట్ల ప్రొటీన్ జావ, రెండు చోట్ల తీపి పానీయం ఇచ్చారు. మూడేళ్లలోపు జావ తాగినవారు పెద్దయ్యాక చదివింది గ్రహించడంలో ముందున్నారు. పసితనంలో అది తాగిన మగవాళ్లకు గంట కూలీ కూడా ఎక్కువే వచ్చింది. అంత దూరం పోనక్కర్లేదు. నల్లగొండ జిల్లాలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాలుపంచుకున్న అధ్యయనంలో పూర్వ ప్రాథమిక పిల్లల అన్నంలో సూక్ష్మపోషకాల పొడి కలిపారు. బోధన అంతంతమాత్రంగా ఉన్న అంగన్‌వాడీల్లోనే వారి మాట, నిగ్రహం మెరుగుపడ్డాయి. పంతులమ్మ లోటును కొంతైనా పళ్లెం పూడ్చిందన్నమాట!

అలాంటి పళ్లేనికి 2017లో కేంద్రం ఖరారు చేసిన ధర రోజుకు 8 రూపాయలు. గుడ్డు కొంటే అందులో మిగిలేది చిల్లరే. ధర పెంచుతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. ప్రకటనలతో పప్పు ఉడకదు.

తల్లిదండ్రుల్నీ ఒక మాట అడగాలి. అంగన్‌వాడీ మాన్పించి ప్రైవేటు నర్సరీలో వేసిన రోజునే బిడ్డకు ఆ గుడ్డు, వేడి అన్నం దూరమవుతున్నాయి. బదులుగా డబ్బాలో బిస్కెట్లు, అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్. ఫీజు రసీదులో డైరీకీ, బెల్టుకూ పద్దు ఉంటుంది. భోజనానికి ఉండదు.

అంగన్‌వాడీ భోజన ధరను ఏటా సరుకుల ధరలతో పాటు పెంచాలి. ఆకుకూర, పప్పు, గుడ్డు (తినని వారికి పాలు, పల్లీ చిక్కీ) పెట్టని ప్లేస్కూలుకు రెండు రాష్ట్రాలూ అనుమతి నిరాకరించాలి. ఈ రెండింటికీ వచ్చే విద్యా సంవత్సరం మించి గడువు ఇవ్వకూడదు.